గాలిగొట్టానికి చిరుగు పడితే వెంటనే కుట్టాలా? ఒక మత్తు డాక్టర్ సమాధానం

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. అమ్మగారికి 62 ఏళ్ళు. గుంటూరులో కీహోల్ పద్ధతిలో గాల్‌బ్లాడర్ తీశారు. మత్తు దిగి, ఊపిరి కోసం నోట్లోంచి గాలిగొట్టంలోకి వేసిన ట్యూబ్ తీశాక గట్టిగా దగ్గు వచ్చింది, కఫంలో కాస్త రక్తం పడింది. సాయంత్రానికి మెడ, బుగ్గలు ఉబ్బాయి. సీటీ, ఆ తర్వాత బ్రాంకోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టాన్ని గాలిగొట్టంలోకి దింపి చూడటం) చేసి, గాలిగొట్టం వెనక గోడలో 3 సెంటీమీటర్ల చిరుగు ఉందన్నారు. అక్కడి డాక్టర్లు ఆపరేషన్ అక్కర్లేదు, ఐసీయూలో పెట్టి చూద్దాం అంటున్నారు. మీ మావయ్యగారు రిపోర్టులు పట్టుకెళ్ళి చూపించిన ఇంకో చోట మాత్రం 2 సెంటీమీటర్లు దాటితే కుట్టాల్సిందే, హైదరాబాద్ తీసుకెళ్ళండి అన్నారు. మీరు డల్లాస్‌లో ఉన్నారు, ఎవరి మాట వినాలో తేలడం లేదు.

ముందు సూటిగా నా అభిప్రాయం. అమ్మగారు వెంటిలేటర్ లేకుండా సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారు, మామూలు మాస్కుతో ఆక్సిజన్ బాగుంది, వాపు నిన్నటి నుంచి పెరగలేదు, జ్వరం లేదు, అన్నవాహికకు దెబ్బ తగల్లేదని పరీక్షలో తేలింది అని మీరే రాశారు. ఇవన్నీ నిజమైతే ఆగి చూడటమే ఆవిడకు సరైన వైద్యం. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి, డాక్టర్లు చేతులెత్తేశారనీ అనుకోకండి. 3 సెంటీమీటర్లు అనే అంకె చూసి భయపడి, స్థిరంగా ఉన్న మనిషిని ఇప్పుడు అంబులెన్సులో నాలుగైదు గంటలు తిప్పడమే ఎక్కువ ప్రమాదం. పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటి మారినా లెక్క మారుతుంది. అది ఎప్పుడు, ఎలా మారుతుందో మీకు తెలియాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

గాలిగొట్టం పెద్దవాళ్ళలో 10 నుంచి 13 సెంటీమీటర్ల పొడవుంటుంది. గొంతు దగ్గర స్వరపేటిక కింద మొదలై ఛాతీలో గుండెకు పైన రెండుగా చీలుతుంది. ఆ చీలే చోటును మేం కెరైనా అంటాం, రిపోర్టులో ఈ మాట కనబడుతుంది. ముందు వైపు, పక్కల మృదులాస్థి ఉంగరాలు ఉంటాయి, 16 నుంచి 20 దాకా. ఆ ఉంగరాలు పూర్తి గుండ్రంగా ఉండవు, వెనక వైపు తెరిచి ఉంటాయి. అక్కడ ఉండేది పల్చటి కండరం, పొర మాత్రమే. దానికి ఆనుకునే అన్నవాహిక ఉంటుంది. ముద్ద మింగేటప్పుడు అన్నవాహిక ఉబ్బడానికి చోటు కావాలి కాబట్టి శరీరం అలా అమర్చుకుంది. కానీ ట్యూబ్ వల్ల చిరుగు పడితే దాదాపు ఎప్పుడూ ఈ వెనక గోడలోనే, పై నుంచి కిందికి నిలువుగా పడుతుంది. అమ్మగారిదీ అలాంటిదే.

ఇది ఎలా జరుగుతుంది, ఎవరిదైనా తప్పా అని అడిగారు. మామూలు ట్యూబ్‌తో ఇది చాలా అరుదు. వైద్య పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే అంచనా 20 వేల మందిలో ఒకరు. ఊపిరితిత్తుల ఆపరేషన్లకు వాడే రెండు గొట్టాల ట్యూబ్‌తో ఇంకా ఎక్కువ, వెయ్యిమందిలో ఒకరిద్దరి దాకా. దీని బారిన పడేవాళ్ళలో 50 దాటిన ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ గాలిగొట్టం సన్నం, వెనక పొర ఇంకా పల్చన. మనిషి పొట్టి అయితే ట్యూబ్ అనుకున్నదాని కంటే లోతుకు దిగిపోతుంది. ఆడవాళ్ళకు పళ్ళ దగ్గర 21 సెంటీమీటర్ల గుర్తు, మగవాళ్ళకు 23 అని మేం నేర్చుకుంటాం కానీ, అయిదడుగులు లేని మనిషికి ఆ 21 కూడా ఎక్కువ కావచ్చు. చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళలో, ఎప్పటినుంచో ఆయాసం ఉన్నవాళ్ళలో గోడ బలహీనపడి ఉంటుంది.

మా చేతుల్లో ఉండేవి వేరే ఉన్నాయి. ట్యూబ్ లోపల పెట్టే లోహపు తీగ కొన ట్యూబ్ దాటి బయటికి రావడం, నాలుగైదు సార్లు ప్రయత్నించాల్సి రావడం, ట్యూబ్ చివరి బుడగలో గాలి తీయకుండానే ట్యూబ్‌ను జరపడం లాంటివి. అన్నిటికంటే నాకు పట్టింపు ఉన్నది కఫ్ దగ్గర. ట్యూబ్ చివర చిన్న బుడగ ఉంటుంది, దాన్నే కఫ్ అంటాం. గాలి పక్కల నుంచి కారకుండా, నోట్లోంచి ఏమీ ఊపిరితిత్తుల్లోకి దిగకుండా అది అడ్డు. అందులో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉండాలి. బయట వేలాడే చిన్న బుడగను రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి సరిపోయింది అనుకోవడం చాలా థియేటర్లలో అలవాటు. వేళ్ళకు 30కీ 60కీ తేడా తెలియదు. ఒత్తిడి కొలిచే మీటరు చిన్నదే, అది ప్రతి థియేటర్‌లోనూ, ప్రతి ఐసీయూలోనూ ఉండాలి. నైట్రస్ ఆక్సైడ్ వాడితే ఆ వాయువు మెల్లగా కఫ్‌లోకి చేరి ఒత్తిడిని పెంచుతుంది కూడా, కాబట్టి ఒకసారి కొలిచి వదిలేస్తే చాలదు.

మరి తప్పు జరిగిందా? చిరుగు పడింది కాబట్టి తప్పు జరిగినట్టే అని చెప్పలేం. ట్యూబ్ ఒక్క ప్రయత్నంలో సాఫీగా పడ్డవాళ్ళకూ ఇది జరిగిన సందర్భాలున్నాయి. మెలకువ వచ్చేటప్పుడు ట్యూబ్ మీద గట్టిగా దగ్గినా పడవచ్చు. అనస్తీషియా చార్ట్ అడిగి తీసుకోండి. ఎన్ని ప్రయత్నాలు, ఏ సైజు ట్యూబ్, కఫ్ ఒత్తిడి కొలిచారా అన్నది అందులో ఉండాలి. అడగటం మీ హక్కు. కాకపోతే ఈ వారం ఆ గొడవ పెట్టుకోకండి. చూసుకునే డాక్టర్లు, ఇంటివాళ్ళు ఒక మాట మీద ఉండటం ఇప్పుడు అమ్మగారికి అవసరం. ఒక మాట వాళ్ళ పక్షాన చెప్పాలి: వాళ్ళు ఆ సాయంత్రమే సీటీ తీశారు, బ్రాంకోస్కోపీ చేశారు, ఉన్నది ఉన్నట్టు మీకు చెప్పారు. అలా దాచకుండా చెప్పిన టీమ్ మీద నాకు నమ్మకం కలుగుతుంది.

ఇక అసలు విషయానికి. గాలిగొట్టం చిరుగును అర్థం చేసుకోవాలంటే గాలి ఎటు పోతోందో చూడాలి. సెంటీమీటర్లు ఆ తర్వాత. చిరుగులోంచి బయటపడ్డ గాలి మొదట గుండె, పెద్ద రక్తనాళాలు ఉండే మధ్య భాగంలోకి చేరుతుంది. అక్కడి నుంచి కండరాల మధ్య సందులు పట్టుకుని మెడలోకి, ముఖంలోకి, ఛాతీ చర్మం కిందికి పాకుతుంది. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొర కూడా తెగితే ఆ ఖాళీలోకి వెళ్ళి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. చర్మం కింద గాలి చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ దానివల్ల ప్రాణం పోవడం అరుదు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఈ రెండింటికీ తేడా ఇంటివాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పరు, అందుకే ముఖం వాపు చూసి కంగారు పడిపోతారు.

చర్మం కింద గాలిని గుర్తుపట్టడానికి యంత్రం అక్కర్లేదు. కాలర్ ఎముక పైన మెత్తటి చోట నాలుగు వేళ్ళూ పరిచి మెల్లగా నొక్కితే, బొరుగుల సంచి మీద చెయ్యి వేసినట్టు వేళ్ళ కింద చిటపటలాడుతుంది. నీరు చేరిన వాపు అలా ఉండదు, దాన్ని నొక్కితే గుంట పడుతుంది. అలెర్జీ వాపు అయితే గట్టిగా, నున్నగా ఉంటుంది, దద్దుర్లు, దురద తోడుంటాయి. ఆపరేషన్ తర్వాత ముఖం ఉబ్బగానే అలెర్జీ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చేసి వెళ్ళిపోవడం నేను చూశాను. ఒక్కసారి వేళ్ళతో తాకి ఉంటే తెలిసిపోయేది. ఆ చిటపట ఎక్కడి దాకా ఉందో చర్మం మీద పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయమని నర్సులకు చెబుతాను. రెండు గంటల తర్వాత గీత దాటిందా లేదా అన్నది చాలాసార్లు ఎక్స్‌రే కంటే ముందే మాకు చెబుతుంది. మీ నాన్నగారో, మావయ్యగారో ఐసీయూలోకి వెళ్ళినప్పుడు ఈ గీతల గురించి అడగమనండి.

దగ్గు, కఫంలో రక్తం, గొంతు బొంగురుపోవడం, మింగితే ఛాతీలో నొప్పి, ఆయాసం, ఇవి మిగతా లక్షణాలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా స్టెతస్కోపులో కరకరమనే శబ్దం వినిపించవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని సీసాలోకి లాగడానికి ఛాతీలో గొట్టం వేశాక కూడా ఆ సీసాలో బుడగలు ఆగకుండా వస్తూ, ఊపిరితిత్తి విచ్చుకోకపోతే పెద్ద గాలిగొట్టంలోనో దాని కొమ్మలోనో చిరుగుందని గట్టిగా అనుమానించాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అమ్మగారిది కీహోల్ ఆపరేషన్. అందులో పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. ఆ వాయువే చర్మం కిందికి జారి మెడ దాకా రావడం అరుదేమీ కాదు. అది రక్తంలో సులువుగా కరుగుతుంది కాబట్టి చాలామందిలో ఒక రోజులో తగ్గిపోతుంది. అలాగే ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గదులు ఒత్తిడికి పగిలినా గాలి రక్తనాళాల వెంట పాకి అదే మధ్య భాగంలోకి చేరుతుంది. విపరీతమైన ఆయాసం వచ్చినవాళ్ళలో, గట్టిగా వాంతులు చేసుకున్నవాళ్ళలో, కోవిడ్ రోజుల్లో ఐసీయూలో ఉన్నవాళ్ళలో అలా చూశాం. అంటే మెడలో గాలి కనబడ్డ ప్రతిసారీ గాలిగొట్టం చిరిగినట్టు కాదు. అమ్మగారి విషయంలో దగ్గులో రక్తం, ట్యూబ్ తీశాక వాపు మొదలవడం, గంటగంటకూ పెరగడం, ఇవి కలిసి వచ్చాయి కాబట్టే వాళ్ళు సరైన దారిలో వెతికారు.

పరీక్షల్లో మొదటిది ఛాతీ ఎక్స్‌రే. గాలి ఉందని చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. సీటీలో చాలా తెలుస్తుంది: గోడలో ఖాళీ, గాలి ఎంత పాకింది, ట్యూబ్ ఇంకా లోపలే ఉంటే కఫ్ ఉండాల్సినదాని కంటే ఉబ్బి పక్కకు పొడుచుకు వచ్చిందా అన్నది. చిన్న చిరుగులు సీటీలో తప్పిపోతాయి. సీటీ బాగుంది, లక్షణాలు మాత్రం ఉన్నాయి అంటే బ్రాంకోస్కోపీ చేయాల్సిందే. చివరి మాట దానిదే.

బ్రాంకోస్కోప్‌లో ఆ దృశ్యం ఎలా ఉంటుందో చెబుతాను, రిపోర్టు చదివేటప్పుడు ఉపయోగపడుతుంది. ముందు వైపు ఉంగరాలు తెల్లగా వరసగా కనిపిస్తాయి. వెనక గోడ మామూలుగా గులాబీ రంగులో చదునుగా ఉండాలి. చిరుగున్న చోట రెండు ఎర్రటి అంచులు విడిపోయి, మధ్యలో పసుపు పచ్చని కొవ్వో, అన్నవాహిక కండరమో కనిపిస్తుంది. మనిషి దగ్గితే అది గొట్టంలోకి ఉబుకుతుంది, ఊపిరి పీలిస్తే వెనక్కి వెళుతుంది. ట్యూబ్ లోపల ఉండగా చూస్తే మాత్రం ట్యూబ్, కఫ్ కలిసి చిరుగును కప్పేస్తాయి. అందుకని స్కోపు లోపలే ఉంచి, కఫ్ గాలి తీసి, ట్యూబ్‌ను అంగుళం అంగుళం వెనక్కి లాగుతూ స్వరపేటిక దాకా చూడాలి. ఈ పని తెలిసిన చెయ్యి చేయాలి, ట్యూబ్ బయటికి వచ్చేస్తే మళ్ళీ వేయడం కష్టం. రిపోర్టులో పొడవు ఒక్కటే రాసి ఉంటే చాలదు. కెరైనాకు ఎంత ఎత్తులో ఉంది, పై పొర మాత్రమే చిరిగిందా లేక గోడ మొత్తం తెగిందా, అన్నవాహిక లోపలికి ఉబుకుతోందా, ఇవి ఉండాలి. అన్నవాహికను విడిగా చూసి తీరాలి. మందు నీళ్ళు మింగించి తీసే ఎక్స్‌రే గానీ సీటీ గానీ, ఎండోస్కోపీ గానీ. మీవాళ్ళది అయిందన్నారు కాబట్టి పెద్ద బరువు దిగినట్టే.

2 సెంటీమీటర్ల నియమం ఎక్కడిదంటే, పాత రోజుల్లో సర్జన్లు ఆ గీత గీసుకున్నారు. అంతకంటే పెద్దదైతే కుట్టడం, చిన్నదైతే వదిలేయడం. తర్వాత తర్వాత 3, 4 సెంటీమీటర్ల చిరుగులు కూడా సొంతంగా ఊపిరి తీసుకునేవాళ్ళలో కుట్లు లేకుండా మానిపోవడం చాలా చోట్ల చూశారు. 2010లో కార్డిల్లో అనే ఇటలీ సర్జన్, ఆయన సహచరులు కలిసి పొడవును పక్కన పెట్టి లోతును బట్టి వర్గీకరణ చేశారు. లోపలి పొర మాత్రమే చిరిగి, బయట గాలి లేకపోతే అది మొదటి స్థాయి. కండరం దాకా చిరిగి, చర్మం కిందో ఛాతీ మధ్యలోనో గాలి ఉండి, అన్నవాహిక బాగుంటే రెండో స్థాయి. గోడ మొత్తం తెగి అన్నవాహికో లోపలి కణజాలమో గొట్టంలోకి ఉబికితే మూడు ఏ. అన్నవాహికకూ గాయమైతేనో, ఛాతీ మధ్య భాగంలో చీము పట్టితేనో మూడు బీ. మొదటి రెండింటికీ ఆపరేషన్ అక్కర్లేదు. మూడు ఏ అయితే అనుభవం ఉన్న చోట, మనిషి స్థిరంగా ఉంటే, కాచుకుని చూడవచ్చు. మూడు బీకి ఆపరేషన్ తప్పదు. మీరు డాక్టర్లను అడగాల్సిన ప్రశ్న ఇదే: అమ్మది ఏ స్థాయి? ఆ ఒక్క జవాబుతో రెండు ఆస్పత్రుల తగువు చాలావరకు తీరిపోతుంది.

సొంతంగా ఊపిరి తీసుకోవడానికి నేను ఎందుకింత విలువ ఇస్తున్నానంటే, మనం మామూలుగా పీల్చినప్పుడు గొట్టంలో ఒత్తిడి పెద్దగా పెరగదు, చిరుగు అంచులు దగ్గరగానే ఉంటాయి, ఫైబ్రిన్ పొర (గాయం మీద రక్తం నుంచి కట్టే జిగురు లాంటి పొర) పేరుకుని రెండు మూడు రోజుల్లో మూసుకోవడం మొదలవుతుంది. వెంటిలేటర్ అయితే ప్రతి ఊపిరికీ గాలిని ఒత్తిడితో నెడుతుంది. కఫ్ చిరుగుకు పైన ఉంటే ఆ గాలి ప్రతిసారీ చిరుగులోంచి బయటికి పోతుంది. అందుకే వెంటిలేటర్ తప్పనిసరైతే ట్యూబ్‌ను స్కోపుతో చూస్తూ కఫ్ చిరుగు దాటి కిందికి వచ్చేలా పెడతాం. చిరుగు కెరైనా దగ్గరగా ఉంటే అంత చోటు ఉండదు, అప్పుడు ఒక ఊపిరితిత్తిలోకే ట్యూబ్ దింపాల్సి రావచ్చు, కొన్ని పెద్ద సెంటర్లలో ఎక్మో (శరీరం బయట యంత్రంతో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే పద్ధతి) మీద పెట్టి కుడతారు. ఇదే కారణంతో బిగుతు మాస్కు పెట్టి గాలి నెట్టే బైపాప్‌ను ఈ పేషెంట్లలో వీలైనంత వరకు వద్దంటాం. రాత్రి డ్యూటీ డాక్టర్ ఆక్సిజన్ కాస్త తగ్గిందని అలవాటుగా బైపాప్ పెట్టేస్తే ఉదయానికి కళ్ళు తెరవలేనంత వాపు వచ్చేస్తుంది. బెడ్ దగ్గర పెద్ద అక్షరాలతో 'బైపాప్ వద్దు, ముందు మత్తు డాక్టర్‌ని పిలవండి' అని రాసి అంటించమని అడగండి. ఇది అడగటానికి మొహమాటపడకండి.

ఆగి చూడటంలో పని చాలా ఉంటుంది. తల వైపు ఎత్తి పడుకోబెట్టడం, ఆక్సిజన్, దగ్గు అణిచే మందు, నొప్పి తగ్గించే మందు, ఓ వారం యాంటీబయాటిక్స్, మలబద్ధకం లేకుండా చూడటం. ముక్కినా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఈ చివరిదీ చిన్న విషయం కాదు. అన్నవాహిక బాగుందని తేలేదాకా నోటితో ఏమీ ఇవ్వరు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఛాతీలో గొట్టం వేస్తారు. మొదటి రెండు రోజులు తరచుగా ఎక్స్‌రే తీస్తారు. వాపు మొదటి రోజు, రెండో రోజు కొంచెం పెరిగి, ఆపై ఒకటి రెండు వారాల్లో దానంతట అదే కరిగిపోతుంది. కనురెప్పలు మూసుకుపోయేంత ఉబ్బినా చూపుకు ఏమీ కాదు, అమ్మగారికి ఆ మాట ఎవరైనా చెప్పాలి. చూపు పోయిందేమోనని వాళ్ళు లోలోపల భయపడుతుంటారు. గొంతు నొక్కుకుపోయేంత ఉంటే కాలర్ ఎముక కింద చర్మానికి చిన్న గాట్లు పెట్టి గాలి వదులుతారు.

ఆపరేషన్ వైపు మొగ్గాల్సిన సందర్భాలు ఇవి: గీతలు దాటి వాపు పెరుగుతూనే ఉండటం, ఛాతీ గొట్టం వేసినా గాలి కారడం ఆగకపోవడం, ఆక్సిజన్ నిలబడకపోవడం, వెంటిలేటర్ అవసరమై కఫ్‌ను చిరుగు దాటించలేకపోవడం, అన్నవాహిక గాయం, జ్వరంతో పాటు ఛాతీ నొప్పి, నాడి వేగం పెరగడం. ఈ చివరిది ఛాతీ మధ్యలో చీము పట్టిందనడానికి గుర్తు కావచ్చు, దాన్ని గంటల్లో తేల్చాలి, రేపు చూద్దాం అనకూడదు. చిరుగు పై భాగంలో ఉంటే మెడ నుంచి కుడతారు. కింద కెరైనా దగ్గరుంటే కుడి వైపు పక్కటెముకల మధ్య నుంచి వెళతారు. కరిగే దారంతో విడివిడి కుట్లు వేసి, అన్నవాహిక కూడా దెబ్బ తింటే రెండింటి మధ్య కండరం ముక్క అడ్డంగా పెడతారు. ఆపరేషన్ అయ్యాక వీలైనంత త్వరగా వెంటిలేటర్ తీసేయడమే లక్ష్యం, కుట్ల మీద ఒత్తిడి పడకూడదు.

మార్చాల్సి వస్తే మీవాళ్ళు చూసుకోవాల్సింది, ఛాతీ సర్జన్, బ్రాంకోస్కోపీ, పని తెలిసిన మత్తు విభాగం మూడూ రాత్రి పూట కూడా ఉన్న చోటికే మార్చడం. ఊపిరితిత్తి చుట్టూ కొంచెం గాలి ఉన్నా బయలుదేరే ముందే గొట్టం వేయించాలి, దారిలో అంబులెన్సులో అది సాధ్యం కాదు. ఆ గొట్టాన్ని దారిలో క్లాంప్ పెట్టి మూయకూడదు. నా మాట వింటే, ఇప్పుడు మనిషిని కదపకుండా సీటీ సీడీనీ, స్కోపు వీడియోనూ పంపించి ఒక ఛాతీ సర్జన్ అభిప్రాయం తీసుకోండి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ళు గుంటూరు డాక్టర్లతో నేరుగా ఫోన్లో మాట్లాడితే అరగంటలో తేలే విషయం ఇది.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం కొంచెం దారి మళ్ళుతాను, ఎందుకంటే మన దగ్గర గాలిగొట్టం గాయాలు థియేటర్ల కంటే రోడ్ల మీదే ఎక్కువ. బైక్ వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రంలో చుట్టుకోవడం, చెరకు రసం మిషన్‌లోనో నూర్పిడి మిషన్‌లోనో కొంగు పడటం, కట్టేసిన తీగకో తాడుకో బండి మీద వస్తూ మెడ తగలడం. వీటిలో చర్మం మీద ఒక ఎర్రటి చార తప్ప ఏమీ కనబడకపోవచ్చు. లోపల స్వరపేటిక నుంచి గాలిగొట్టం పూర్తిగా ఊడిపోయి ఉండవచ్చు. మాట పోవడం, ఊపిరి తీసుకునేటప్పుడు కూత, మెడలో చిటపట, వీటిలో ఏది ఉన్నా అది ఎమర్జెన్సీయే. కారు, లారీ ప్రమాదాల్లో ఛాతీ నలిగితే చిరుగు ఎక్కువగా కెరైనాకు రెండున్నర సెంటీమీటర్ల లోపే పడుతుంది, పక్కటెముకలు విరగకపోయినా సరే.

సంక్రాంతి ముందు రోజుల్లో మాంజా గాయాలు వస్తాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. 2024 జనవరిలో హైదరాబాద్ లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళుతున్న ఒక ఆర్మీ జవాను మెడ తెగి చనిపోయాడు. ఆ రోజుల్లో ఫుల్ హెల్మెట్, మెడకు మందపాటి గుడ్డ తప్పనిసరి. తెగిన మెడలోంచి బుడగలు వస్తుంటే గాలిగొట్టం తెగినట్టే. అలాంటి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. మెలకువగా ఉంటే ముందుకు వంగి కూర్చున్న భంగిమే అతన్ని బతికిస్తుంది, రక్తం బయటికి పోతుంది. రక్తం కారే చోట వేలితో నొక్కి పట్టండి, కానీ మెడ చుట్టూ బిగించి కట్టకండి. బుడగలు వచ్చే రంధ్రాన్ని గట్టిగా మూయకండి. నీళ్ళు తాగించకండి. 108కి ఫోన్ చేసి మెడ తెగింది, గాలి బయటికి వస్తోంది అని స్పష్టంగా చెప్పండి.

ఎమర్జెన్సీలో పనిచేసే జూనియర్ డాక్టర్లు చదువుతుంటే ఒక్క మాట. మెడకు దెబ్బ తగిలి, ఊపిరి తీసుకుంటున్న మనిషికి కండరాలు సడలించే మందు ఇచ్చి గుడ్డిగా ట్యూబ్ నెట్టకండి. తెగిన రెండు కొనలనూ దగ్గరగా పట్టి ఉంచుతున్నది అతని కండరాల బిగువే. మందు పడగానే అది పోతుంది, ట్యూబ్ గొట్టం బయటికి వెళుతుంది, ఆపై చేత్తో గాలి నెట్టే అంబూ బ్యాగ్ నొక్కితే ముఖం మాత్రం ఉబ్బుతుంది. మెలకువలో ఉండగానే స్కోపు మీద ట్యూబ్ వేయడం, లేదా లోకల్ మత్తు ఇచ్చి ట్రకియాస్టమీ (మెడ ముందు రంధ్రం చేసి గాలిగొట్టంలోకి ట్యూబ్ పెట్టడం) చేయడం మేలు. గాయం తెరుచుకుని గొట్టం కనబడుతుంటే ఆ రంధ్రంలోంచే ట్యూబ్ పెట్టేయవచ్చు. ఈఎన్‌టీ, సర్జరీ వాళ్ళను ముందే పిలిచి పక్కన నిలబెట్టుకోండి.

మళ్ళీ అమ్మగారి దగ్గరికి. డిశ్చార్జి అయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది. నెల రోజుల్లో ఒకసారి బ్రాంకోస్కోపీ చేయించి పూర్తిగా మానిందని చూసుకోవాలి. మానిన చోట మచ్చ కట్టి గొట్టం సన్నబడే అవకాశం ఉంది, అది వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, గాలి లోపలికి పీల్చేటప్పుడు కూత, కఫం బయటికి రాకపోవడం కనబడితే దాన్ని ఆస్తమా అని చెప్పి ఇన్‌హేలర్లు రాసేస్తారు, నెలలు గడిచిపోతాయి. ఆస్తమాలో కూత ఎక్కువగా గాలి వదిలేటప్పుడు వస్తుంది, ఇన్‌హేలర్‌తో తగ్గుతుంది. ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోతే ఈ పాత సంగతి గుర్తుచేసి స్కోపు చేయమనండి.

రెండు నెలల్లో అమ్మగారిని డల్లాస్ తీసుకెళ్ళాలని టికెట్లు కొన్నామన్నారు. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. శరీరంలో చిక్కుకున్న గాలి అక్కడ దాదాపు మూడో వంతు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సీటీలో గాలి మొత్తం పోయిందని, స్కోపులో చిరుగు మానిందని రెండూ చూశాకే ఎక్కించండి. అవి రెండూ బాగుంటే రెండు నెలల తర్వాత ప్రయాణానికి అభ్యంతరం ఉండకపోవచ్చు, కానీ టికెట్ తేదీ మార్చుకునే వీలు ఇప్పుడే ఉంచుకోండి.

డిశ్చార్జి కాగితంలో చిరుగు ఎక్కడ, ఎంత, ఏ సైజు ట్యూబ్‌తో పడింది, ఎలా మానింది అని రాయించుకోండి. రేపు కంటి ఆపరేషన్‌కో, మోకాలి ఆపరేషన్‌కో వెళితే మత్తు డాక్టర్‌కు ఆ కాగితం ముందుగా ఇవ్వాలి. వీలైనచోట వెన్నులో మత్తు ఇస్తారు, ట్యూబ్ తప్పకపోతే చిన్న సైజు వేసి, కఫ్ ఒత్తిడి మీటరుతో కొలిచి చూసుకుంటారు. రేపటికి అమ్మగారి వాపు గీతలు ఎక్కడున్నాయో, డాక్టర్లు ఏ స్థాయి అన్నారో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.